పనిని నేల మీంచి లేపుదాం

మోకాళ్ల నొప్పులకు మాత్రలు, నూనెలు, ఇంజెక్షన్లు వెతికే ఇళ్లలో మంచం ఎత్తు, పీట ఎత్తు, మరుగుదొడ్డి తీరు ఎవరి కంటా పడవు. కీలుకు కదలిక ఉండాలి, భారం తగ్గాలి. ఈ రెండూ కుదరాలంటే రోజూ చేసే పనుల తీరు మారాలి.

మోకాళ్ల నొప్పి అనగానే మన ఇళ్లలో వినిపించే సలహాలు రెండే. ‘గుజ్జు అరిగిపోయిందట, ఇక నడక తగ్గించు, మెట్లెక్కకు, ఓ పక్కన కూర్చో’ అన్నది మొదటిది. ‘వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే, ఓర్చుకుని చేసుకుపోవాలి’ అన్నది రెండోది. మొదటి మాట నమ్మినవారు కదలడం మానేసి కాళ్లలో ఉన్న కాస్త సత్తువా పోగొట్టుకుంటారు. రెండో మాట నమ్మినవారు నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ అదే కత్తిపీట ముందు, అదే బట్టల బండ దగ్గర గంటల కొద్దీ గొంతుక్కూర్చుంటారు. ఈ రెంటికీ నడుమ మూడో దారి ఉంది. పని మానకుండానే అది జరిగే ఎత్తును, పట్టుకునే పద్ధతిని, చేసే వ్యవధిని మార్చుకోవడం. ఆస్టియోఆర్థ్రైటిస్‌ అనే కీళ్ల అరుగుదల జబ్బు మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చూపిస్తున్న దారి ఇదే. తెలుగు ఇంటికి దీన్ని అన్వయిస్తే తేలే సూత్రం చాలా సులువైంది. నేల మీద చేసే పనిని నడుము ఎత్తుకు తేవాలి.

ఈ మార్పు ఏ కొద్దిమందికో పరిమితమైన అవసరమని అనుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో దాదాపు 52.8 కోట్ల మంది ఆస్టియోఆర్థ్రైటిస్‌తో బతుకుతున్నారు. వాళ్లలో 60 శాతం మంది స్త్రీలు. అన్ని కీళ్లలోకీ ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. మన దేశంలో వివిధ ప్రాంతాల్లో నలభై దాటినవారిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 28.7 శాతం మందిలో మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌ కనిపించింది. అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. వంటింట్లో, వాకిట్లో, పొలంలో నేలకు దగ్గరగా జరిగే పనంతా ఎవరి వంతుకు వస్తోందో ఆలోచిస్తే, ఈ జబ్బును ఒక మనిషి ఒంటికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడలేం. ఇంటి ఏర్పాటుకూ, ఇంట్లో పనుల పంపకానికీ దీనితో సంబంధం ఉంది.

కీలుకు ఏది మేలు, ఏది చేటు

ఎముకల చివర ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన పోషకాలు కీలులోని ద్రవం ద్వారానే అందాలి. కాలు కదిలి, భారం పడి, మళ్లీ తేలికపడినప్పుడు నీళ్లలో నొక్కి వదిలిన స్పాంజిలా అది ద్రవాన్ని వదిలి తిరిగి పీల్చుకుంటుంది. అందుకే చాలాసేపు కదలకుండా కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి. రోగులందరికీ అనుభవంలో ఉన్న ఈ చిన్న సంగతిలోనే పూర్తి విశ్రాంతి ఎందుకు తప్పో తెలిసిపోతుంది. పైగా కదలని కాలిలో ముందుగా బలహీనపడేది తొడ ముందువైపు కండరం. నడకలో, మెట్ల మీద మోకాలిని నిలకడగా పట్టి ఉంచేది అదే. అది సన్నగిల్లిన కొద్దీ కుదుపంతా కీలు మీదే పడుతుంది. నొప్పికి భయపడి కదలిక తగ్గిస్తే కండరం కరుగుతుంది, కండరం కరిగితే నొప్పి పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

అయితే కదలిక మంచిదన్నంత మాత్రాన అన్ని కదలికలూ ఒకటి కావు. మోకాలి మార్పిడి చేసేటప్పుడు లోపల కొలత పరికరం అమర్చిన ఇంప్లాంట్లతో బెర్లిన్‌ పరిశోధకులు ఏ పనిలో కీలు మీద ఎంత బలం పడుతుందో నేరుగా కొలిచి 2010లో ప్రకటించారు. చదునైన నేల మీద నడిచేటప్పుడు అది శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు. మెట్లెక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు 3.5 రెట్లు. అంటే అరవై కిలోల మనిషి మెట్టు దిగే క్షణంలో మోకాలు రెండు వందల కిలోలకు పైగా మోస్తుంది. కిందికి పూర్తిగా కూర్చున్నప్పుడు మోకాలు ఎంత ఎక్కువ మడత పడితే, చిప్ప వెనుక భాగంలో ఒత్తిడి అంత పెరుగుతుంది. అక్కడినుంచి చేతి ఆసరా లేకుండా లేవడం ఇంకా కష్టం. కుర్చీ నుంచి లేచే తీరు మీద 2002లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, కూర్చునే ఎత్తు పెరిగితే లేవడానికి మోకాలి దగ్గర పెట్టాల్సిన బలం 60 శాతం దాకా తగ్గగలదు. మందు లేదు, కత్తిగాటు లేదు, కూర్చునే చోటు కాస్త పైకి జరిగిందంతే.

శరీర బరువు సంగతి కూడా ఈ లెక్కలోనే అర్థమవుతుంది. ఒంట్లో తగ్గే ప్రతి కిలోకూ నడకలో ఒక్కో అడుగుకు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో స్థూలకాయులైన వృద్ధుల మీద చేసిన పరిశోధన 2005లో తేల్చింది. ఫ్రామింగ్‌హామ్‌ అనే అమెరికా పట్టణంలో జరిగిన అధ్యయనంలో పదేళ్ల కాలంలో సుమారు ఐదు కిలోల బరువు తగ్గిన స్త్రీలలో నొప్పితో కూడిన మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో అధిక బరువు ఉన్నవారు తెలంగాణలో సుమారు 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. నలభైల్లో ఐదు కిలోలు తగ్గించుకోవడమంటే అరవైల్లో మోకాళ్లను కాపాడుకోవడమే. కాకపోతే ‘ముందు బరువు తగ్గి రా, తర్వాత చూద్దాం’ అని చెప్పి పంపేస్తే మనిషికి ఒరిగేదేమీ ఉండదు. నొప్పితో నడవలేని మనిషి బరువెలా తగ్గుతుంది? ముందు రోజువారీ పనుల్లో నొప్పి తగ్గాలి. అప్పుడే నడకకు, వ్యాయామానికి దారి తెరుచుకుంటుంది.

ఇల్లు ఎక్కడెక్కడ మారాలి

మరుగుదొడ్డితో మొదలుపెట్టాలి. మోకాలు పూర్తిగా మడవాల్సిన పని మనిషికి తప్పనిసరిగా రోజూ పడేది అక్కడే. పల్లెల్లో ఈ పదేళ్లలో కట్టిన మరుగుదొడ్లలో చాలావాటిలో ఉన్నది కింద కూర్చునే బేసినే. దాన్ని పగలగొట్టి కమోడ్‌ పెట్టించే స్థోమత లేకపోతే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్‌ కుర్చీని దాని మీద వేసుకోవచ్చు. సర్జికల్‌ షాపుల్లో దొరుకుతుంది. కాళ్లకు రబ్బరు తొడుగులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, తడి నేల మీద అది జారితే మేలుకన్నా కీడే ఎక్కువ. పక్క గోడకు ఒక ఇనుప కడ్డీ బిగిస్తే లేచేటప్పుడు బరువు కొంత చేయి మోస్తుంది. స్నానానికి పీట బదులు ఎత్తైన ప్లాస్టిక్‌ స్టూలు, నేల మీది బకెట్‌ను ఎత్తు దిమ్మ మీదికి మార్చడం ఇదే కోవలోవి. లేవడం కష్టమవుతుందని రాత్రిళ్లు నీళ్లు తాగడమే మానేసే పెద్దవాళ్లకు ఈ కాస్త మార్పు ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత పడక, కుర్చీ. నడుమ జోలెలా కుంగిన నులక మంచం, నవారు మంచం నుంచి లేవడమంటే గుంతలోంచి లేచినట్టే. నవారు బిగించి, కోళ్ల కింద గుంటపెట్టిన చెక్క దిమ్మలు పెడితే సరిపోతుంది. నిలబడినప్పుడు మోకాలి వెనుక మడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుచుకోండి. కూర్చునే చోటు దానికి రెండు మూడంగుళాలు పైన ఉంటే లేవడం సులువు. కుర్చీకి చేతులు ఉండాలి. లేచేటప్పుడు అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి తీసుకుని, ముందుకు వంగి, చేతులతో అదిమి లేవాలి. మెత్తటి సోఫాలో కూరుకుపోవడం హాయిగానే ఉంటుంది, లేచేటప్పుడే మోకాలికి శిక్ష.

వంటింట్లో స్టవ్‌ గట్టు మీదికి చేరి చాలాకాలమైంది గానీ చుట్టూ ఉన్న పనులు ఇంకా నేల మీదే ఉన్నాయి. కత్తిపీట బదులు బల్ల మీద చాకు, పలక. గోంగూర వలవడం, బియ్యం ఏరడం, చపాతీలు ఒత్తడం కుర్చీలో కూర్చుని బల్ల మీద చేసుకోవచ్చు. రోజూ వాడే గిన్నెలు, పప్పుల డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. కింది అరల్లో ఏడాదికోసారి తీసేవి పెట్టాలి. నిండు సిలిండర్‌ బరువు ముప్పై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని ఈడ్చకుండా చక్రాల స్టాండు మీద ఉంచాలి. నిండు బిందె చంకన పెట్టుకునే బదులు సగం సగం నింపిన రెండు చిన్న బకెట్లు రెండు చేతులా పట్టుకుంటే బరువు ఒకే కాలి మీద పడదు. తడిగుడ్డతో గొంతుక్కూర్చుని ఇల్లు తుడిచే పద్ధతికి పొడుగు కర్ర మాప్‌తో స్వస్తి చెప్పాలి.

చేతివేళ్లకూ ఇదే న్యాయం. బొటనవేలు, చూపుడువేలు కొసలతో ఒక కిలో బలంతో నొక్కితే బొటనవేలి మొదటి కీలు మీద దాదాపు పన్నెండు కిలోల బలం పడుతుందని 1977లోనే లెక్క కట్టారు. సీసా మూత తిప్పడం, తడి దుప్పటి పిండడం, కొబ్బరి కోరడం బొటనవేలి మొదట్లో ఎందుకు పొడుస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. గరిటెలు, చాకుల పిడులకు గుడ్డ చుట్టి లావు చేయడం, మూతను అరచేయి మొత్తంతో తిప్పడం, బట్టను కుళాయి గొట్టానికి మెలేసి పిండడం, గిన్నెను రెండు చేతులతో ఎత్తడం లాంటివి చూడటానికి అల్పమైన విషయాలు. కానీ బ్రిటన్‌లో చేతి ఆస్టియోఆర్థ్రైటిస్‌ ఉన్న 257 మంది పెద్దల మీద జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఇలా కీళ్లను కాపాడుకునే పద్ధతులు నేర్చుకున్నవారిలో 33 శాతం మందికి ఆరు నెలల్లో చెప్పుకోదగ్గ మేలు జరిగింది. నేర్చుకోనివారిలో అది 21 శాతమే. తేడా బ్రహ్మాండమేమీ కాదు. అయినా దుష్ఫలితం లేకుండా, దాదాపు ఖర్చు లేకుండా వచ్చిన తేడా అది.

మెట్ల దగ్గర, నడకలోనూ పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెట్టాలి. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, దానివల్ల భారం తగ్గాల్సినంత తగ్గదు. బ్రెజిల్‌లో జరిగి 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో రెండు నెలలు రోజూ కర్ర వాడినవారికి నొప్పి తగ్గి, పనులు సులువయ్యాయి. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కాలన్న మొక్కు ఉన్నవారు డాక్టర్ని అడిగి, నెలల ముందునుంచి తొడ కండరాలు బలపరుచుకుని, విడతలుగా ఆగుతూ ఎక్కి, దిగేటప్పుడు మాత్రం బస్సెక్కడం మేలు.

కింద కూర్చోవడం మన అలవాటు కదా?

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. మన పెద్దలు నేల మీదే కూర్చున్నారు, తిన్నారు, పడుకున్నారు; కుర్చీలూ కమోడ్‌లూ వచ్చాకే ఈ నొప్పులు పెరిగాయి కదా అని. దీన్ని కొట్టిపారేయలేం. నొప్పి లేనివారు నేల మీద కూర్చుని లేవగలగడం మంచి సామర్థ్యమే, దాన్ని నిలబెట్టుకోవాలి కూడా. బాసింపట్టు వేసి పావుగంట భోజనం చేయడం, పూజలో కూర్చోవడం ఆరోగ్యవంతమైన మోకాలిని పాడుచేస్తాయనడానికి ఆధారం లేదు. కానీ గంటల తరబడి గొంతుక్కూర్చోవడం వేరే సంగతి. బీజింగ్‌లో పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌ స్త్రీలకన్నా సన్నగా ఉన్న చైనా స్త్రీలలో మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌ ఎక్కువగా కనిపించింది. పాతికేళ్ల వయసులో రోజుకు మూడు గంటలకు పైగా అలా కూర్చున్నామని చెప్పినవారిలో, అరగంట లోపే కూర్చున్నవారికన్నా ఈ జబ్బు దాదాపు రెండింతలు ఉంది. తుంటి కీలు జబ్బు మాత్రం బీజింగ్‌లో చాలా అరుదు. ఇలాంటి పోలిక కార్యకారణాన్ని పూర్తిగా రుజువు చేయదు నిజమే, బరువు పనుల ప్రభావం కూడా అందులో కలిసి ఉండొచ్చు. అయినా నేల అలవాటు మోకాలిని తప్పక కాపాడుతుందన్న నమ్మకం దాని ముందు నిలవదు. పాతతరానికి నొప్పులు లేవన్నదీ అంతే. ఆ తరంలో వాటిని జబ్బుగా లెక్కవేసినవాళ్లే తక్కువ.

దీనికి అనుబంధంగా ఇంకో ప్రశ్న: ప్రతి పనినీ సులువు చేసేస్తే కాళ్లు ఇంకా బలహీనపడవా? పడతాయి, తగ్గించిన శ్రమ స్థానంలో ఏమీ చేయకపోతే. అందుకే పనుల మార్పు, వ్యాయామం జంటగా నడవాలి. అమెరికాలో అరవై దాటిన 439 మంది మోకాలి రోగులపై జరిగి 1997లో వెలువడిన ప్రయోగంలో నడక చేసినవారికీ, కండరాల బలం పెంచే కసరత్తులు చేసినవారికీ నొప్పి, పనుల్లో ఇబ్బంది రెండూ తగ్గాయి. వారానికి మూడు నాలుగు రోజులు ఎత్తైన కుర్చీ నుంచి చేతుల సాయం తగ్గించుకుంటూ పదిసార్లు లేచి కూర్చోవడం, కూర్చుని కాలు చాపి కొన్ని క్షణాలు నిలపడం, చదునైన చోట నడవడం అందరికీ అందుబాటులో ఉన్నవే. చేసేటప్పుడు కాస్త నొప్పి రావడం ప్రమాద సూచన కాదు. మర్నాటికల్లా మామూలు స్థాయికి వస్తే మోతాదు సరిపోయినట్టు, రాకపోతే తగ్గించాలి. ఇంటిపనికీ ఇదే కొలత. పండగ ముందు ఇల్లంతా ఒక్కరోజులో దులిపి మూడు రోజులు మంచం పట్టే బదులు రోజుకో గది పెట్టుకోవాలి. అరగంట నిలబడితే కాసేపు కూర్చోవాలి, అరగంట కూర్చుంటే లేచి నాలుగడుగులు వేయాలి.

ఆపరేషన్‌ ఉండగా ఇదంతా ఎందుకు?

మోకాలి మార్పిడి గొప్ప శస్త్రచికిత్స. అవసరమైనవారికి దాన్ని వాయిదా వేయమనడం అన్యాయం. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాళ్ల ధరలకు కళ్లెం వేశాక అది మధ్యతరగతికి కొంత దగ్గరైంది కూడా. కానీ మొదటి మెట్టు దాటకుండా చివరి మెట్టుకు ఎగరనక్కర్లేదు. డెన్మార్క్‌లో మార్పిడికి అర్హులైన వంద మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శస్త్రచికిత్సతో పాటు వ్యాయామం, ఆహార సలహా, నొప్పి మందులు, రెండో గుంపుకు శస్త్రచికిత్స లేకుండా ఇవన్నీ ఇచ్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్‌ చేయించుకున్నవారికే ఎక్కువ ఉపశమనం దక్కింది, తీవ్రమైన దుష్ఫలితాలూ వారికే ఎక్కువ వచ్చాయి. రెండో గుంపులో ఏడాది లోపు ఆపరేషన్‌ కోరుకున్నవారు నాలుగోవంతు మందే. ఆపరేషన్‌ చివరికి తప్పకపోయినా, బలమైన తొడ కండరం, సర్దిపెట్టిన ఇల్లు తర్వాత కోలుకోవడానికి పనికొస్తాయి. గుజ్జు పెంచుతామని అమ్మే మాత్రలు, ఇంజెక్షన్ల మీద ఇంతటి నమ్మకం పెట్టుకోలేం. బ్రిటన్‌ జాతీయ వైద్య మార్గదర్శకాలు 2022లో గ్లూకోసమైన్‌నూ, కీలులోకి ఇచ్చే హైలురోనన్‌ ఇంజెక్షన్‌నూ ఇవ్వొద్దనే చెప్పాయి. ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ తప్పకపోవచ్చు. కీలు వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోయినా అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరు చూడాల్సిందే.

పొలంలో, బీడీల దగ్గర

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం కూలీల వైపు నుంచి వస్తుంది. సొంత ఇంట్లో కుర్చీ ఎత్తు పెంచుకోవచ్చు, మిరపచేలో కలుపు తీసే మనిషి ఏం చేయాలి? చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులు చుడుతూ రోజంతా కూర్చునే నిజామాబాద్‌, సిరిసిల్ల బీడీ కార్మికురాలు ఏం చేయాలి? పని తీరు మార్చుకునే స్వేచ్ఛ ఆమె చేతిలో లేదన్నది నిజం. అందుకే ఇది సలహాలతో ముగిసే విషయం కాదు. బీడీ చుట్టడానికి నేలే కావాలని ఏమీ లేదు, తగిన ఎత్తు కుర్చీ, కాళ్ల కింద పీట ఉంటే చాట ఒళ్లో నిలుస్తుంది. వరిలో నిలబడి తోసుకుంటూ పోయే కోనోవీడర్‌ను ‘శ్రీ’ వరి సాగు పద్ధతితో పాటే మన రైతులు చూశారు. మెట్ట పైర్లకూ నిలబడి నడిపే చక్రాల కలుపు పరికరాలు ఉన్నాయి. మహిళా సంఘాల రుణాల్లో, వ్యవసాయ పరికరాల సబ్సిడీల్లో వీటికి ముందు వరుస దక్కాలి. ఊరికి వచ్చే ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్‌ చూసినట్టే ‘కింది నుంచి లేవగలుగుతున్నారా?’ అని అడగాలి. లేవలేనివారికి కమోడ్‌ కుర్చీ, చేతికర్ర, నాలుగు వ్యాయామాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. పల్లె బస్సు తొలి మెట్టు కిందికి రావాలి.

ఇంట్లో మార్పుకు మాత్రం ఏ పథకం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. అడ్డొచ్చేది డబ్బు కన్నా ఎక్కువగా మొహమాటం. కర్ర పడితే ముసలివాళ్లమయ్యామని, గుళ్లో కుర్చీలో కూర్చుంటే భక్తి తగ్గిందని, పెళ్లిలో బల్ల భోజనం చేస్తే మర్యాద తప్పిందని అనుకోవడం. తన నొప్పి కోసం ఖర్చు పెట్టించడానికి ఇంటి ఇల్లాలు వెనకాడటం అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. ఆమె అడగాలని ఎదురుచూడకూడదు. కొడుకులు, కూతుళ్లు, భర్తలు టేపు పట్టుకుని ఇంట్లో మంచం, కుర్చీ, మరుగుదొడ్డి ఎత్తులు కొలవాలి, ఒక కడ్డీ బిగించాలి, ఒక మాప్‌ కొనాలి, ఆ మాప్‌ తామే పట్టాలి. అరిగిన మృదులాస్థిని వెనక్కి తెచ్చే మందు ఇవాళ్టికి లేదు. రేపటి నుంచి ఆమె మోకాలు ఎన్నిసార్లు పూర్తిగా మడవాలో, ఎంత బరువు మోయాలో నిర్ణయించడం ఇంటిల్లిపాది చేతుల్లోనే ఉంది.